నాలుగు వేళ్ళ అంచు

మా అత్త చెయ్యి తిరిగిన బట్ట మీద మళ్ళీ ఎవరూ చెయ్యి పెట్టరు. అది మా చెకింగ్ గదిలో ఎవరూ రాయని చట్టం. మిగతావాళ్ళు చూసిన బట్ట తానును ఇంకొకరు తిరగేసి చూడాలి. అత్త చూసింది మాత్రం నేరుగా కటింగ్‌కి పోతుంది. యజమాని దగ్గర్నుంచి గది ఊడ్చే ఆవిడ దాకా ఈ మాటకి తిరుగు లేదు. అందుకే ఆ వానాకాలం మొదట్లో అత్త తన ఒంటిని తానే తడిమి చూసుకుని "నాకేం లేదు" అని తేల్చేసినప్పుడు, నేను కూడా ఆ మాటను అలాగే దాటించేశాను.

మాది నేసిన బట్టను పరీక్షించే పని. తెల్లబట్ట తాను ఏటవాలు బల్ల మీద నెమ్మదిగా జారుతుంటే, వేళ్ళ మెత్తటి భాగం దాని మీద ఆనించి కూర్చుంటాం. పోగులో ముడి ఉంటే కంటికంటే ముందు వేలికి తెలుస్తుంది. దొరికిన చోట నీలం సుద్దతో ఇంటూ గుర్తు పెడతాం. ఆ గుర్తు పడ్డ బట్ట ముడి తీసేదాకా గది దాటకూడదు. గుర్తును కూడా ఎవరు పడితే వాళ్ళు తుడవకూడదు, ముడి తీసినవాళ్ళే తుడవాలి. వానాకాలంలో తేమకి పోగు కాస్త ఉబ్బుతుంది, ముడులు ఇట్టే చేతికి తగులుతాయి. కాబట్టి మాకది పని ఎక్కువగానూ, మాటలు ఇంకా ఎక్కువగానూ ఉండే కాలం.

నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. ప్రతిదానికీ ఎందుకు, ఎందుకు అని ప్రాణం తీస్తానని గదిలో అందరూ నన్ను ఎందుకమ్మ అని పిలిచేవాళ్ళు. అమ్మ నాకు ఫొటోలోనే తెలుసు. పెంచింది మేనత్తే. ఇంట్లో నేను, అత్త, నాన్న. ఫ్యాన్లు బాగుచేసే నాన్న ఊళ్ళో ఎవరికీ లొంగడు గానీ, అక్క ఎదురుగా మాత్రం ఇప్పటికీ స్కూలుపిల్లాడిలా నిలబడతాడు. అత్త లేకుండా ఆ ఇల్లు ఎలా ఉంటుందో ఊహించే అవసరం మాకెప్పుడూ రాలేదు.

ఒక మధ్యాహ్నం ఆడవాళ్ళకి ఆరోగ్యం సంగతులు చెప్పడానికి ఆసుపత్రి నుంచి ఒక నర్సు మా భోజనాల గదికి వచ్చింది. ఫోర్‌మన్‌ని బయటికి వెళ్ళమంది. "నేనూ వింటే తప్పేంటండీ, ఆరోగ్యం సంగతేగా" అని ఆయన దర్జాగానే అన్నాడు గానీ, ఆవిడ సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టిన రబ్బరు రొమ్మును చూసి ఒక్క గెంతులో వరండాలో పడ్డాడు.

నా పక్క బల్ల ఆవిడ పేరు రేడియో. పొద్దున సైరన్‌తో మొదలై సాయంత్రం సైరన్ దాకా ఆగదు కాబట్టి ఆ పేరు. "పాపం, ఆయన భోజనం లోపలే ఉండిపోయింది" అంది. అందరం నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వాం.

"రొమ్ము గురించి మాట్లాడుకుందాం" అంది నర్సు.

ఒక పెద్దావిడ గొంతు తగ్గించకుండా ఆ మాట అనడం నేను వినడం అదే మొదటిసారి. మా గదిలో దానికి పేరే లేదు. "అక్కడ" అనేవాళ్ళం, అదీ కళ్ళు దించుకుని. మోచేతికీ మోకాలికీ ఉన్న పేరు దీనికెందుకు లేకుండా పోయిందా అని నేను ఆలోచనలో పడ్డాను.

"ఇందులో గడ్డలు దాచారు. వెతకండి" అంది నర్సు, రబ్బరు రొమ్మును మా ముందుకు జరిపి.

వేళ్ళతో వెతకడం మాకు కొట్టిన పిండి. ఒక్కొక్కరం వెళ్ళి తలా ఒకటో రెండో పట్టేశాం. చివర్లో అత్త వచ్చింది. కిటికీలోంచి వాన చూస్తూ వేళ్ళు ఆనించింది. "ఇక్కడొకటి. ఇక్కడొకటి, ఇది లోతుగా ఉంది. ఇదిగో, ఇక్కడ బఠాణీ అంత."

"ఆ లోతుది చాలామందికి దొరకదండీ" అంది నర్సు. గది గదంతా మురిసిపోయింది. తన చెయ్యి గొప్పతనం ఇంకొకరి నోట వినడం అత్తకు కొత్త కాదు గానీ, మొహంలో వెలుగు దాచుకోలేకపోయింది.

"కానీ ఈ రబ్బరు ఎవరిదీ కాదు కదా" అంది నర్సు. "ఒకరిది ఇంకొకరిలా ఉండదు. ఒక మనిషికే ఎడమా కుడీ ఒకేలా ఉండవు. మీది మామూలుగా ఎలా ఉంటుందో మీకు తెలిస్తే, మారినప్పుడు మీకే ముందు తెలుస్తుంది."

నేను ఊరుకుంటానా. "ఎన్నాళ్ళకోసారి చూసుకోవాలి?"

"నెలకోసారి చూసుకోవచ్చు. నెలసరి అయిపోయిన కొన్ని రోజులకి."

"అప్పుడే ఎందుకు?"

"దానికి ముందు బిగుతుగా, నొప్పిగా ఉంటుంది. ఏది ఏదో తెలీదు. నెలసరి ఆగిపోయినవాళ్ళు ఏదో ఒక రోజు పెట్టుకోండి."

"పడుకునే ఎందుకు?"

"పడుకుంటే పరుచుకుంటుంది, వేళ్ళకి లోపలిదాకా అందుతుంది. దానికంటే ముందు అద్దంలో చూసుకోవాలి. చర్మం సొట్టపడిందా, ఎర్రబడిందా, చనుమొన లోపలికి పోయిందా, ఏదైనా కారుతోందా అని."

"నా వయసులో గడ్డ దొరికితే?"

"చాలావరకు ప్రమాదం లేనిదే అయ్యుంటుంది. అయినా చూపించుకోవాలి, నొప్పి లేకపోయినా సరే. అది ఏంటో తేల్చాల్సింది డాక్టరు, నీ వేళ్ళు కాదు."

"ఇక చాలు ఊరుకోవే, ఆవిడకి వేరే పనులుంటాయి" అని రేడియో నన్ను గిల్లింది. రేడియో ఇంకొకరిని ఊరుకోమనడం గురించి గదిలో చాలాకాలం చెప్పుకున్నారు.

నర్సు తన బట్టల మీదే చేసి చూపించింది. మూడు వేళ్ళు కలిపి చిన్న చిన్న సున్నాలు చుడుతూ, మొదట తేలిగ్గా, తర్వాత కాస్త నొక్కి, ఆ తర్వాత లోతుగా. మెడ కింద ఎముక నుంచి రొమ్ము అడుగు వరకు, నడిమి ఎముక నుంచి చంక దాకా. చంక దాకా అనే మాట రెండుసార్లు చెప్పింది. మేమందరం విన్నాం, అత్తా విన్నది.

నేను మొదటిసారి చూసుకున్న రోజు ఇంట్లో పెద్ద గొడవ చేశాను. తలుపు వేసుకుని పడుకుని వేళ్ళు ఆనించానో లేదో, పొడుగ్గా గట్టిగా ఏదో తగిలింది. దాని కింద ఇంకోటి, దాని కింద ఇంకోటి. చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా వంటింట్లోకి పరిగెత్తాను.

"అత్తా, నాకు వరసగా ఉన్నాయి."

అత్త చెయ్యి తుడుచుకుని వచ్చి తడిమింది. తర్వాత గోడకి ఆనుకుని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. "అవి పక్కటెముకలే. ఇంకా నయం, నర్సు దగ్గరికి పరిగెత్తలేదు."

రెండో నెలకి భయం పోయి కుతూహలం మిగిలింది. నా ఎడమవైపు పైభాగం కాస్త గరుకుగా, రవ్వ పోసిన సంచిలా ఉంటుందని తెలిసింది. కుడివైపు అడుగున ఒక మెత్తటి మడత ఉంటుందని తెలిసింది. అవి అలాగే ఉంటాయి, ఉంటే మామూలే. పందొమ్మిదేళ్ళుగా ఈ ఒంట్లో కాపురం ఉంటూ ఇంటి గదులే చూసుకోలేదన్నమాట అని నా మీద నాకే నవ్వొచ్చింది.

అత్త ఆదివారం పెట్టుకుంది. స్టవ్ మీద టీ నీళ్ళు పెట్టి లోపలికి వెళ్ళింది, అవి మరగకముందే బయటికి వచ్చేసింది.

"అప్పుడే అయిపోయిందా?"

"నాకేం లేదు. శుభ్రంగా ఉంది. రోజంతా తానులకి తానులు చూసే చెయ్యికి ఇదెంతసేపే" అంది.

అంతే. అత్త చెయ్యి తిరిగింది కాబట్టి ఇక చూడాల్సిన పని లేదు.

తర్వాత కొన్ని వారాలకి దుప్పట్ల ఆర్డర్ వచ్చింది. మేమెప్పుడూ చొక్కాల బట్టే చూసేవాళ్ళం. చొక్కాల బట్టకి రెండువైపులా నాలుగు వేళ్ళ వెడల్పు అంచు కటింగ్‌లో పోతుంది. పోయేదాన్ని చూడటం ఎవరికి కావాలి? అందుకని చేతులు అంచు వదిలేసి లోపలినుంచి మొదలుపెట్టడానికి అలవాటు పడ్డాయి. దుప్పటికి అలా కాదు, అంచు అంచుగానే మిగులుతుంది. "ఈసారి అంచులు కూడా చూడాలమ్మా" అని ఫోర్‌మన్ ఒక్కొక్క బల్ల దగ్గరికీ వచ్చి చెప్పి వెళ్ళాడు. అందరం తలూపాం.

ఆ వారంలో తిరిగొచ్చింది అత్త చూసిన తాను. ఫోర్‌మన్ దాన్ని తెచ్చి అత్త బల్ల మీద పెట్టి, మొహం చూడలేక వెళ్ళిపోయాడు. రేడియో కూడా నోరు మూసుకుంది.

"పొరపాటున నాది అనుకుంటున్నారు" అంది అత్త. బట్ట పరిచి చెయ్యి వేసింది. వేళ్ళు మామూలుగా, నిమ్మళంగా కదిలాయి. "చూడు, ఎక్కడా ఏం లేదు" అంది నాతో.

నేను చేతినే చూస్తున్నాను. అది మళ్ళీ నాలుగు వేళ్ళు లోపలినుంచే మొదలైంది.

"అత్తా, అంచు."

"అంచే కదే చూస్తున్నా" అంది. అని, తన చెయ్యి వంక చూసుకుంది. నెమ్మదిగా దాన్ని బయటికి జరిపింది. అంచు పొడుగునా ముడుల మీద ముడులు. అత్త మొహంలో నెత్తురు చుక్క లేదు. "చూడమని చెప్పారు. చూశాననే అనుకున్నాను" అంది.

పాపం అత్త అనుకోవాల్సిన చోట నాకు నర్సు రెండుసార్లు చెప్పిన మాట చెవిలో వినిపించింది.

సాయంత్రం వంటింట్లో ఇద్దరం బఠాణీలు వలుస్తున్నాం. రేకుల మీద వాన దంచుతోంది. ముందు గదిలో నాన్న ఒక ఫ్యాను విప్పి దాని ముందు కూర్చున్నాడు.

"అత్తా, ఆ ఆదివారం చూసుకున్నావు కదా. ఎక్కడిదాకా చూశావు?"

"ఎక్కడిదాకా అంటే ఏంటే?"

"చంక దాకా చూశావా?"

అత్త చేతిలో కాయ అలాగే ఆగింది. "పొద్దున్నుంచీ అందరూ నా అంచుల మీద పడ్డారేంటి" అంది విసుగ్గా. ఇంకో రెండు కాయలు వలిచింది. తర్వాత లేచి, చేతులు కడుక్కుని, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

ఈసారి చాలాసేపు రాలేదు. నేను బఠాణీలన్నీ వలిచేశాను. అత్త వచ్చి పీట మీద కూర్చుని బుట్టలో చెయ్యి పెట్టింది. కాయలు లేవు.

"అయిపోయాయా?"

"అయిపోయాయి."

"సరే." గిన్నెలోంచి ఒక గింజ తీసి వేళ్ళ మధ్య అటూ ఇటూ దొర్లించింది. "దీనికంటే పెద్దదే. ఎడమవైపు, చంక దగ్గర. కదలట్లేదు."

ప్రశ్నలతో బతికేదాన్ని, నాకు ఒక్క ప్రశ్న కూడా దొరకలేదు.

"మీ నాన్నకి చెప్పకు. కంగారుపడి ఊరంతా ఏకం చేస్తాడు. దుప్పట్ల ఆర్డర్ పంపేశాక చూద్దాం."

"రేపే వెళ్దాం అత్తా."

"నా తాను వెనక్కొచ్చిందే. ఇప్పుడు సెలవు పెడితే మొహం చాటేసిందంటారు. ఇన్నాళ్ళుగా ఉన్న చెయ్యి, అలా వదిలేసి ఎలా పోను?"

ఆ తర్వాత రోజూ ఇదే తంతు. అత్త అందరికంటే ముందు బల్ల దగ్గరికి వెళ్ళేది. ఒక్కొక్క అంచూ చూసి, మళ్ళీ చూసి, ఇంకోసారి చూసేది. నేను అడిగితే రేపంది. రేపు అడిగితే ఎల్లుండంది. బతిమాలాను, అలిగాను, అన్నం మానేశాను. మొదటి రెండింటికీ కరగలేదు, మూడోదానికి రెండు తగిలించి తినిపించింది. ఆవిడ బట్ట అంచులు తడుముతుంటే పక్కనే కూర్చుని చూస్తున్న నాకు కోపం, భయం ఒకేసారి వచ్చేవి. అత్త పోతే అన్న మాట మనసులో మొదలయ్యేది, ఎప్పుడూ పూర్తయ్యేది కాదు.

ఒక సాయంత్రం గదిలోంచి నీలం సుద్దముక్క జేబులో వేసుకుని ఇంటికొచ్చాను. మా పని కోట్లు కూడా మేం తీసేసిన తెల్లబట్టతో కుట్టినవే. అత్త కోటు తలుపు వెనక మేకుకి వేలాడుతోంది. లోపలివైపు తిప్పి, ఎడమ చంక దగ్గర, సుద్దతో ఇంటూ గుర్తు పెట్టాను.

పొద్దున నేను గ్లాసుల్లో టీ పోస్తున్నాను. అత్త కోటు తీసి కుడి చెయ్యి తొడిగింది. ఎడమ చెయ్యి తొడగబోయి ఆగింది. నేను తలెత్తలేదు. టీ గ్లాసు నిండి పళ్ళెంలోకి పొర్లింది, అయినా తలెత్తలేదు.

ఎవరు పెట్టారని అత్త అడగలేదు. తొడిగిన చెయ్యి కూడా బయటికి తీసి, కోటును మళ్ళీ మేకుకి తగిలించింది.

"గొడుగు తీసుకో" అంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చేత్తో చూసింది, ఫొటోలు తీయించింది, సూదితో కొంచెం తీసి పరీక్షకి పంపింది. అన్నిటికీ అత్త ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చుంది. ఒక్కటే అడిగింది, "ఇది ఎన్నాళ్ళ నుంచి ఉండి ఉంటుందండీ?"

"చెప్పలేమండీ. ఎప్పుడు దొరికింది అన్నదే ఇప్పుడు ముఖ్యం."

నా ప్రశ్నలు కూడా తిరిగొచ్చాయి. "ఇది తల్లి వైపు నుంచే వస్తుందంటారు కదండీ. మేనత్తకి వస్తే మేనకోడలికి ఏం ఉండదా?"

"అలా అని ఎవరు చెప్పారు? తండ్రి వైపు కూడా లెక్కలోకి వస్తుంది. వస్తుందని కాదు, కనిపెట్టుకుని ఉండాలని. నీ సంగతి తర్వాత తీరిగ్గా మాట్లాడదాం" అంది డాక్టరమ్మ.

అత్త నా వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. తన గడ్డకి భయపడని మనిషి అప్పుడు భయపడింది.

ఫలితం వచ్చింది. క్యాన్సరే. చిన్నగా ఉండగానే దొరికిందన్నారు, ఆపరేషన్ చెయ్యాలన్నారు. నేను వరండాలోకి వెళ్ళి గోడవైపు తిరిగి ఏడ్చాను. నాన్నకి ఆ రోజే చెప్పాం. చేతిలో ఉన్న స్క్రూలు నేల మీద నలుమూలలా దొర్లాయి. మోకాళ్ళ మీద పాకుతూ ఒక్కొక్కటీ ఏరుకున్నాడు. అన్నీ దొరికాక గానీ తల ఎత్తలేదు. "ఏ రోజు రమ్మన్నారక్కా?" అన్నాడు. "ఫ్యాన్లన్నీ ఇచ్చేస్తాను, ఆ రోజుకి."

అత్త ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ రేడియో పెద్దగా మోగలేదు. ఒక మధ్యాహ్నం మాత్రం భోజనాల గదిలో తలుపు తనే వేసి, "ఏయ్ ఎందుకమ్మా, ఆ నర్సు చంక దాకా ఎలా చూపించిందో మళ్ళీ చూపించు" అంది. చూపించాను. చిన్నాపెద్దా అందరూ కోట్ల మీదే చేసి చూశారు. సగం మంది చేతులు లోపలినుంచే మొదలయ్యాయి. ఒకరినొకరు చూసుకున్నారు, ఎవరూ నవ్వలేదు. అప్పటినుంచి మా గదిలో ఆడవాళ్ళు నెలకోసారి ఒకరినొకరు అడిగే మాట ఒకటే, అంచు చూశావా అని. మా శ్రద్ధ చూసి ఫోర్‌మన్ ఎంత పొంగిపోయాడో చెప్పలేను.

ఆపరేషన్ తర్వాత ఫలితం వినడానికి వెళ్ళేసరికి వానలు వెనకబట్టాయి. అత్త చెయ్యి ఇంకా పూర్తిగా పైకి లేవడంలేదు. అయినా సంచి నన్ను మొయ్యనివ్వలేదు, కుడి చేత్తో గట్టిగా పట్టుకుంది.

"గడ్డని చుట్టూ కాస్త మంచి భాగంతో కలిపి తీశాం" అంది డాక్టరమ్మ కాగితం చూస్తూ. "ఆ తీసిన ముక్క అంచుల్లో ఏమీ లేదు. చంకలోకి కూడా పాకలేదు. ఇంకా రేడియేషన్ ఉంటుంది, మందులుంటాయి, మీరు మా దగ్గరికి వస్తూనే ఉండాలి. కానీ మంచి మాటేనండీ ఇది."

"అంచులు చూశారా?" అంది అత్త.

"మేం తప్పకుండా చూసేవే అంచులండీ."

అత్త కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా తుడుచుకోలేదు. ఆ వానాకాలమంతటిలో అత్త ఏడవడం నేను చూసింది అదొక్కసారే. తర్వాత సంచిలోంచి తన పని కోటు తీసింది. లోపలివైపు తిప్పి, బల్ల మీద డాక్టరమ్మ ముందు పరిచింది. నీలం ఇంటూ గుర్తు ఇంకా అక్కడే ఉంది.

"ఇది మీరు తుడవాలండీ" అంది.

డాక్టరమ్మ నా వైపు చూసింది. ముడి తీసినవాళ్ళే గుర్తు తుడవాలని, మా దగ్గర అదే పద్ధతి అని చెప్పాను. ఆవిడ నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. బొటనవేలితో రుద్దింది, పోకపోతే ఇంకాస్త గట్టిగా రుద్దింది. సుద్ద పోయి లేత మరక మిగిలింది. వేలికి నీలం అంటుకుంది.

"తర్వాత ఎవరు?" అని పిలిచింది డాక్టరమ్మ బయటికి.

అత్త కోటు తీసుకుని లేచి, తను కూర్చున్న కుర్చీలోకి నన్ను భుజం పట్టి నెట్టింది.

"తర్వాత ఇదేనండీ" అంది. "దీనికి అడగాల్సినవి చాలా ఉన్నాయి. కాస్త ఓపిగ్గా చెప్పండి."